బండికీ బండికీ మధ్య

ఎవరైనా ఊరికి వెళ్లే ప్లాన్ వేసి మనకి పంపిస్తే అందులో ఏముంటుంది? రైలు పేరు, బయలుదేరే టైము, చేరే టైము, గది ఎక్కడ తీసుకున్నారు, ఏయే గుళ్లు చూడాలి. రైలు, బస్సు, పడవ మూడూ ఉన్న ప్రయాణమైనా అంతే, ఒక్కో బండికి ఒక్కో వరుస రాసి ఉంటుంది. రైలు దిగాక బస్టాండ్ దాకా ఎలా వెళ్తారు, దానికి ఎంతసేపు పడుతుంది, సామాను ఎవరు మోస్తారు, పెద్దవాళ్లకి బాత్రూమ్ ఎక్కడ, ఈ బస్సు వెళ్లిపోతే తర్వాతది ఎప్పుడు అన్నవి మాత్రం ఉండవు. టెన్షన్ మొదలయ్యేది అక్కడే. బండిలో కూర్చున్నాక ఎవరికీ పెద్దగా కష్టం ఉండదు. రైలు గంట ఆలస్యమైనా కూర్చునే ఉంటాం, తింటాం, పడుకుంటాం. దిగిన క్షణం నుంచి ఇంకో బండి ఎక్కే క్షణం దాకానే అందరి మొహాలూ మారిపోతాయి.

అందుకే నేను గట్టిగా నమ్మే మాట ఇది. రకరకాల బండ్లు మారే ప్రయాణంలో ముందు ప్లాన్ వేయాల్సింది మారే చోట్లకి. బండ్ల సంగతి ఆ తర్వాత. ఇంకో మాట కూడా ఉంది. రైలుకి రైల్వే ఉంది, బస్సుకి ఆర్టీసీ ఉంది, రేవుకి దాన్ని వేలంలో పాడుకున్న పాటదారు ఉన్నాడు. ఈ మూడింటి మధ్య ఉన్న నేలకి మన దగ్గర ఎవరూ బాధ్యులు కారు. ఉండాలి. ఇది ప్రయాణికుల తెలివితేటల మీద వదిలేయాల్సిన విషయం కాదు.

నాకు బాగా తెలిసిన దారి ఒకటి తీసుకుని చెబుతాను. హైదరాబాద్ నుంచి రైల్లో నర్సాపురం, అక్కడ వసిష్ఠ గోదావరి దాటి అంతర్వేది, అక్కడి నుంచి బస్సుల మీద రాజోలు, అమలాపురం, ముక్తేశ్వరం, అక్కడ గౌతమి దాటి కోటిపల్లి, ద్రాక్షారామం, చివరికి రాజమండ్రిలో రైలెక్కి వెనక్కి. మా అమ్మ పుట్టిల్లు రాజోలు దగ్గర. చిన్నప్పుడు సెలవులంటే ఈ దారే. ఇప్పుడు అమ్మనీ పెద్దమ్మనీ తీసుకెళ్లే పని నాది.

కోనసీమ లోపల ఈనాటికీ రైలు నడవదు. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వసిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. ఎటు నుంచి వచ్చినా ఒక పాయ దాటాల్సిందే. రావులపాలెం మీదుగా వస్తే జాతీయ రహదారి వంతెనలు ఉన్నాయి. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన, పాలకొల్లు వైపు నుంచి చించినాడ వంతెన ఉన్నాయి. నర్సాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య మాత్రం పంటు మీదే దాటాలి. పంటు చూడని వాళ్ల కోసం చెబుతున్నాను, అది బల్లపరుపుగా ఉండి మనుషులతో పాటు మోటారు సైకిళ్లనీ, ఆటోలనీ, కార్లనీ కూడా ఎక్కించుకునే పడవ. కాలేజీకి వెళ్లే పిల్లలు, ఆఫీసులకి వెళ్లేవాళ్లు, చేపల బుట్టలు, కొబ్బరికాయల బస్తాలు అన్నీ దాని మీదే దాటతాయి. యాత్రికులకి అది ఒక రోజు వింత. ఆ ఊళ్ల వాళ్లకి అది రోడ్డు.

ఈ ప్రయాణానికి నేను ప్లాన్ ఎప్పుడూ రేవు దగ్గర మొదలుపెడతాను, రైలు దగ్గర కాదు. రైలు తప్పిపోతే ఇంకో రైలు, అదీ కాకపోతే రాత్రి బస్సు దొరుకుతుంది. పంటు ఆగిపోతే ఆ చోట దానికి బదులు ఏదీ లేదు. వెనక్కి తిరిగి పాలకొల్లు వచ్చి, చించినాడ వంతెన దాటి, దిండి, మలికిపురం మీదుగా చుట్టి రావాలి. కాబట్టి మొత్తం ప్రయాణంలో దేనికైతే ప్రత్యామ్నాయం లేదో దాన్ని ముందు స్థిరం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రావాలి. మామూలుగా మనం ఇంటి నుంచి ముందుకు లెక్క వేస్తాం. రాత్రి రైలు ఎన్నింటికి, పొద్దున చేరేది ఎన్నింటికి, ఆ తర్వాత పంటు అని. అలా వేసిన లెక్కలో ముందు వచ్చిన ఆలస్యమంతా చివరి బండి మీద పడుతుంది. ఆ చివరి బండే పల్లెటూరి బస్సో, చీకటి పడ్డాక ఆగిపోయే పడవో అయి ఉంటుంది.

పంటు ఎప్పుడు ఆగుతుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వరద వస్తే అధికారులు ఆపేస్తారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఈ దారిలో వెళ్లాలనుకుంటే నేను వాతావరణం కంటే ముందు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చూస్తాను. అక్కడ 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎగువన భద్రాచలంలో ఆ హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర ఇస్తారు. భద్రాచలంలో పెరిగిన నీళ్లు ధవళేశ్వరం దిగిరావడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయమే మనకి దొరికే ముందస్తు కబురు. టీవీలో భద్రాచలం అంకెలు పెరుగుతున్నాయంటే నర్సాపురం రేవు గురించి అప్పుడే ఆలోచించాలి.

వరద లేని రోజుల్లో కూడా అది సముద్రానికి దగ్గరగా ఉన్న నది. ఆటుపోట్లకి నీళ్లు పెరుగుతాయి, తగ్గుతాయి. ఒకసారి మా ముందు కారు ఎక్కించబోతుంటే రేవులో పనిచేసే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "నీళ్లు తీసేశాయండి, కార్లు ఎక్కవు. మనుషులైతే రండి" అన్నాడు. కారు వాళ్లు అక్కడే ఉండిపోయారు. మేం సంచులు పట్టుకుని ఎక్కేశాం. మ్యాప్ ఆ చోట నది మీద ఒక గీత గీసి ఇన్ని నిమిషాలని చూపిస్తుంది. ఇవాళ పంటు నడుస్తోందా, కారు ఎక్కుతుందా అన్నది ఆ గీతలో ఉండదు. రేవులో ఉన్న మనిషికి తెలుసు. అందుకే వెళ్లే ముందు రోజు సఖినేటిపల్లి వైపు బంధువులకో, వాళ్లు లేకపోతే గది మాట్లాడుకున్న లాడ్జి వాళ్లకో ఫోను చేసి కనుక్కుంటాను. ఏ యాప్ మీదా నాకు ఆ నమ్మకం లేదు.

ఇక రెండో దారి. పంటు ఆగిందని తెలిస్తే ఏం చేయాలన్నది రైలు దిగాక తేల్చుకునే విషయం కాదు. నర్సాపురం ఆ లైనుకి చివరి స్టేషన్. దానికి ముందే పాలకొల్లు వస్తుంది. చించినాడ వంతెన వైపు వెళ్లాలంటే పాలకొల్లులోనే దిగిపోవాలి. చేతిలో నర్సాపురం టికెట్ ఉన్నా అక్కడ దిగడానికి అడ్డేమీ లేదు. ఈ ఒక్క సంగతి తెలియక చివరి దాకా వెళ్లి, మళ్లీ అదే దారిలో ఆటో మాట్లాడుకుని వెనక్కి వచ్చే కుటుంబాలని వానాకాలంలో చూస్తుంటాను. పెద్దవాళ్లు, పసిపిల్లలు, నాలుగేసి సూట్‌కేసులు. కోపం వస్తుంది నాకు. వాళ్ల మీద కాదు. రైల్లో కూర్చున్న మనిషికి ఆ కబురు చెప్పే ఏర్పాటు ఎక్కడా లేనందుకు.

బండ్ల వరుస గురించి కూడా నాకొక అభిప్రాయం ఉంది. రాత్రి రైలు ఎంత ఆలస్యమవుతుందో చెప్పలేం కాబట్టి, దాని వెనకాల రిజర్వేషన్ అక్కర్లేని బండ్లు ఉండాలి. పంటుకి ముందు బుకింగు లేదు, పల్లెవెలుగు బస్సుకి లేదు, ఆటోకి లేదు. రైలు రెండు గంటలు ఆలస్యమైనా ఇవేవీ మనకి నష్టం చేయవు, వచ్చినప్పుడు ఎక్కుతాం. తిరుగు ప్రయాణంలో అంతా తలకిందులు. టికెట్ చేతిలో ఉన్న రైలు చివర్లో వస్తుంది, దాని ముందున్నవన్నీ టైము చెప్పలేని బండ్లు. అందుకే తిరిగి వచ్చే రోజు కోటిపల్లి రేవు దాటి, ద్రాక్షారామం చూసి, ఆ సాయంత్రమే రాజమండ్రిలో రైలు అందుకుందామనే ప్లాన్ నాకు నచ్చదు. రాజమండ్రిలో ఒక రాత్రి ఉండి పొద్దున రైలెక్కడం నయం. వందేభారత్ 2023 జనవరిలో మొదలైనప్పటి నుంచీ రాజమండ్రి నుంచి పగటి ప్రయాణం తేలికైంది కూడా. ఒక రాత్రి గది అద్దె దండగ అని ఇంట్లో అంటారు. పరుగు పెట్టినా రైలు తప్పిపోతే పోయే డబ్బు, ఆ రోజంతా అమ్మ పడే ఆదుర్దా కలిపి చూస్తే అది దండగ కాదు.

ఆ ఆదుర్దా గురించి కాస్త చెప్పాలి. ప్లాన్ వేసేది సాధారణంగా ఇంట్లో బాగా నడవగలిగినవాళ్లు. స్టేషన్ బయటికి పది నిమిషాలు అని రాస్తారు. అది వాళ్ల పది నిమిషాలు. మోకాళ్ల నొప్పులున్న మా పెద్దమ్మకి ప్లాట్‌ఫాం మీద నుంచి వంతెన మెట్లెక్కి, అవతల దిగి, ఆటో దాకా రావడానికి అరగంట. మధ్యలో రెండుసార్లు కూర్చోవాలి. రైలు దిగగానే బాత్రూమ్, తర్వాత కాఫీ, తర్వాత మందులు. గుడికి వెళ్తున్నాం కాబట్టి దర్శనానికి ముందు స్నానం కావాలి. ఆ స్నానం ఎక్కడ అన్నది ఏ ప్లాన్‌లోనూ ఉండదు. ఆడవాళ్లున్న ప్రయాణంలో అది మొదటి ప్రశ్న. తడిబట్టలు ఎక్కడ మార్చుకోవాలి, ఆ బట్టలు దేంట్లో పెట్టుకోవాలి అన్నవి ఆ తర్వాతివి. మా ఇంట్లో ఇవన్నీ అమ్మ అడుగుతుంది, మేం విసుక్కునేవాళ్లం. ఇప్పుడు నేను ప్లాన్ వేసేటప్పుడు అమ్మ ప్రశ్నలే ముందు పెట్టుకుంటాను. జట్టులో అందరికంటే మెల్లగా నడిచే మనిషి ఎవరో చూసి, మారే చోట్ల టైమంతా వాళ్ల నడక మీద లెక్క వేస్తాను.

సామాను లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. కారు డిక్కీలో ఎంత పెద్ద సూట్‌కేసైనా పడుతుంది. పంటు ఎక్కాలంటే ఏటవాలు గట్టు దిగాలి, చక్రాల పెట్టె ఇసుకలో దొర్లదు. తలా ఒక సంచి, భుజాన వేసుకునేది, మెట్లెక్కేటప్పుడు ఒక చెయ్యి ఖాళీగా ఉండేంత. అంతకు మించి ఉంటే రాజమండ్రిలోనో, బంధువుల ఇంట్లోనో వదిలేయాలి. పెద్ద స్టేషన్లలో క్లోక్‌రూమ్ ఉంటుంది. టికెట్ చూపించాలి, పెట్టెకి తాళం ఉండాలి.

ఇంత తలనొప్పి ఎందుకు, కారు మాట్లాడుకుంటే పోలేదా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. మా అన్నయ్య అంటాడు. "ఇన్నోవా చెప్పేస్తాను, ఇంటి ముందు ఎక్కితే గుడి ముందు దిగుతాం. అమ్మకి మెట్లూ లేవు, మోతా లేదు." అతని మాటలో న్యాయం లేకపోలేదు. చంటిపిల్లలున్నవాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు కారులోనే వెళ్లాలి. వాళ్లకి ఇప్పుడున్న స్టేషన్లు, బస్టాండ్లు, రేవులు ఏవీ సాయపడవు.

కానీ మిగతావాళ్లకి కూడా కారే జవాబు అన్నది నేను ఒప్పుకోను. హైదరాబాద్ నుంచి కోనసీమ నాలుగొందల కిలోమీటర్లకు పైనే. పగలంతా ఒకే భంగిమలో కూర్చోవడం మోకాళ్ల నొప్పులకి రైలు బెర్తు కంటే మంచిదేమీ కాదు. రాత్రి బయలుదేరితే ఒక డ్రైవరు నిద్ర మీద మన కుటుంబం మొత్తం ఆధారపడుతుంది. ఆ మనిషి ముందు రోజు ఎక్కడికి తిరిగి వచ్చాడో మనం అడగం కూడా. సంక్రాంతికి విజయవాడ హైవే మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర నిలిచిపోయే కార్ల వరుసలు ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఒక్కరో ఇద్దరో వెళ్లాలంటే కారు ఖర్చు భరించలేనిది. కారు లేనివాళ్లు ఊరికి వెళ్లడం మానేయాలా? మా పెద్దమ్మ ఒక్కతే వెళ్లాలనుకుంటే వెళ్లగలగాలి. అన్నయ్యకి సెలవు దొరికే దాకా ఆగాల్సిన పని ఉండకూడదు.

నేను అన్నయ్యకి చెప్పిన రాజీ ఇది. దూరానికి రైలు, దగ్గరికి కారు. రాత్రంతా బెర్తు మీద పడుకుని నర్సాపురంలో దిగి, నది దాటాక అవతలి ఒడ్డున ఒక రోజుకి స్థానిక కారు మాట్లాడుకోవడం. ఆ డ్రైవరు ఆ ఊరివాడు, రాత్రి ఇంట్లో పడుకుని వచ్చినవాడు, ఏ రోడ్డు మునిగిందో తెలిసినవాడు. మధ్యాహ్నం గుడి తలుపులు ఎప్పుడు వేస్తారో కూడా అతనే చెబుతాడు. ఖర్చు సగానికి తగ్గకపోయినా బాగానే తగ్గుతుంది. అన్నయ్య ఒప్పుకున్నాడు, అతను కూడా పంటు మీద నిలబడి ఫొటోలు తీసుకున్నాడు.

బస్సు ఖర్చు సంగతి ఈమధ్య మారింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చింది. ఏ రాష్ట్రం పథకం ఆ రాష్ట్రం ఆడవాళ్లకే. హైదరాబాద్ ఆధార్ ఉన్న నాకు రాజోలు బస్సులో టికెట్ కొనాల్సిందే, అక్కడే ఉండే మా అత్తకి అక్కర్లేదు. అయినా నాకు సంతోషమే. కోనసీమలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రెండు బస్సులు మారి వెళ్లే ఆడవాళ్ల సంఖ్య కళ్లకి కనబడేలా పెరిగింది. బండి మారితే మళ్లీ టికెట్ అన్న భయం పోతే మనుషులు ఎంత తేలిగ్గా బండి మారతారో చూడాలంటే ఇప్పుడు అమలాపురం బస్టాండ్‌లో కాసేపు నిలబడితే చాలు.

టికెట్ల విషయంలో చాలామందికి తెలియనిది ఒకటి చెబుతాను. రెండు రైళ్లు మారే ప్రయాణమైతే, ఆ రెండు పీఎన్‌ఆర్‌లని కలిపి ఉంచుకునే వీలు 2019 ఏప్రిల్ నుంచి ఉంది. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో టికెట్ డబ్బు క్యాన్సిలేషన్ ఛార్జీలు లేకుండా వెనక్కి వస్తుంది. దిగిన వెంటనే దరఖాస్తు పెట్టుకోవాలి. విమానాల్లో ఒకే టికెట్ మీద రెండు విమానాలు ఉంటే, మొదటిది ఆలస్యమైనప్పుడు రెండో దాంట్లోకో తర్వాతి దాంట్లోకో ఎక్కించే బాధ్యత ఆ సంస్థదే. అమెరికా నుంచి వచ్చే పిల్లలు ఢిల్లీలోనో ముంబయిలోనో దిగి విడిగా కొన్న హైదరాబాద్ టికెట్ మీద వస్తామంటే నేను వద్దంటాను. నాలుగు వేలు మిగులుతాయని అలా కొంటారు. మొదటి విమానం ఆలస్యమైతే రెండోదాని వాళ్లు అడగరు, పట్టించుకోరు. విమానానికీ రైలుకీ మధ్య, రైలుకీ బస్సుకీ మధ్య, బస్సుకీ పడవకీ మధ్య ఇలాంటి రక్షణ ఏదీ లేదు. అక్కడ ఆలస్యం పూర్తిగా మన నష్టమే. కాబట్టి ఎక్కువ టైము వదలాల్సింది ఒకే సంస్థ బండ్ల మధ్య కాదు, సంస్థ మారే చోట.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తారు. 2024 నవంబరుకి ముందు 120 రోజులు ఉండేది. ఇంతకుముందు నాలుగు నెలల ముందే రైలు కొని, తర్వాత మిగతావి దానికి అతికించేవాళ్లం. ఇప్పుడు మారే చోట్ల సంగతి ముందు కనుక్కుని, రైలు తర్వాత కొనడానికి టైము దొరికింది. నా లెక్కలో అది మంచిదే.

ప్రత్యామ్నాయం లేని బండి నుంచి వెనక్కి లెక్క కట్టడం అన్నది ఒక్క గోదావరికే కాదు. శ్రీశైలానికి హైదరాబాద్ నుంచి వెళ్తే నల్లమల అడవిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకి మూసేస్తారు, ఉదయం 6కి తెరుస్తారు. అక్కడ నది లేదు, గేటు ఉంది. ప్లాన్ ఆ గేటు నుంచి మొదలవ్వాలి. విమానం సాయంత్రం దిగే బంధువులని అదే రాత్రి శ్రీశైలం తీసుకెళ్లాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ కూడా ఉంది, నల్లమల కొండల మధ్య నుంచి కృష్ణ మీద వెళ్లే ఆ దారి ఎంత అందంగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. రిజర్వాయరు నిండితేనే అది నడుస్తుంది. కాబట్టి లాంచీ మీద వెళ్లి బస్సు మీద రావాలి. బస్సు మీద వెళ్లి, తిరిగి లాంచీ మీద వద్దామనుకుంటే, అది నడవని రోజు ఇంటికి చేరడం కష్టమవుతుంది. అరకు కూడా అంతే. విశాఖ నుంచి పొద్దున కిరండూల్ పాసింజరు మీద సొరంగాల గుండా పైకి వెళ్లి, అనంతగిరి మీదుగా రోడ్డు మీద దిగి రావడమే నాకు నచ్చే వరుస. పగటి వెలుగులో కొండలు చూస్తాం, తిరిగి వచ్చేటప్పుడు బొర్రా దగ్గర మన ఇష్టం వచ్చినంతసేపు ఆగుతాం. భద్రాచలం వెళ్లేవాళ్లకి ఒక్క మాట. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రామయ్య దగ్గరికి అక్కడి నుంచి ఇంకా 40 కిలోమీటర్లు ఉంది, ఆ ముక్క ప్లాన్‌లో ఉండాలి.

ఇప్పటిదాకా ప్రయాణికులు ఏం చేయాలో చెప్పాను. నిజానికి ఇందులో సగం ప్రయాణికుల పని కాకూడదు.

కొచ్చిలో 2023 ఏప్రిల్‌లో వాటర్ మెట్రో మొదలైంది. వైటిలలో బస్టాండ్, మెట్రో స్టేషన్, పడవల టెర్మినల్ పక్కపక్కనే ఉన్నాయి. మెట్రోకీ పడవకీ ఒకటే కార్డు పనిచేస్తుంది. పడవ ఆగే వేదిక నీళ్ల మీద తేలుతూ ఉంటుంది కాబట్టి ఆటుపోట్లకి నీళ్లు పెరిగినా తగ్గినా వేదికా పడవా ఒకే ఎత్తులో ఉంటాయి. చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వెళ్తుంది. మన రేవుల్లో ఇదే నీళ్ల తేడా వల్ల మా పెద్దమ్మకి ఇద్దరు చెయ్యి అందించాలి. పంటుని తీసేసి ఏసీ పడవ పెట్టమని నేను అడగడం లేదు. గట్టు మీద నుంచి పడవలోకి నడిచే ఆ పదడుగులు ఎవరో ఒకరి బాధ్యత అని కొచ్చిలో అనుకున్నారు, ఇక్కడ ఎవరూ అనుకోలేదు. నాకు బాధ కలిగించేది అది.

హైదరాబాద్‌లో కూడా మంచీ చెడూ రెండూ కనిపిస్తాయి. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్‌కి మెట్రో వచ్చాక రెండు పెద్ద బస్టాండ్లూ ఒక్క లైనులో కలిశాయి. కరీంనగర్ వైపు నుంచి వచ్చి విజయవాడ వైపు వెళ్లేవాళ్లకి అది ఎంత మేలో చెప్పలేను. శంషాబాద్ విమానాశ్రయం 2008లో తెరిచారు, ఇంకా మెట్రో రాలేదు, పుష్పక్ బస్సులు మాత్రం బాగానే ఆదుకుంటున్నాయి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచారు. స్టేషన్ విశాలంగా, శుభ్రంగా ఉంది. అక్కడికి మెట్రో లేదు. తెల్లవారుజామున పిల్లలతో అక్కడ దిగి కూకట్‌పల్లి వెళ్లాల్సిన కుటుంబానికి ఆ కొత్త స్టేషన్ వల్ల ప్రయాణం పెరిగింది. స్టేషన్ కట్టే రోజునే అక్కడికి బస్సులు, లోకల్ రైళ్లు ఏ టైముకి రావాలో కూడా నిర్ణయించి ఉండాల్సింది.

కోనసీమ రైలు కథ ఇంకా పాతది. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి 1940లో ఆ పట్టాలు ఊడదీసి పట్టుకెళ్లారు. 2004లో మళ్లీ వేశారు. ఆ లైనులో బండ్లు నడిచిన రోజులూ ఉన్నాయి, ఆగిపోయిన రోజులూ ఉన్నాయి. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నర్సాపురం దాకా పొడిగించాలన్నది లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న జీఎంసీ బాలయోగి కాలం నుంచీ ఉన్న కోరిక. ఆయన 2002లో పోయారు. ఆ రైలు రావాలి, తప్పకుండా రావాలి. కానీ రైలు వచ్చేదాకా రేవు దగ్గర ఏమీ చేయనక్కర్లేదన్న ధోరణి నాకు మింగుడుపడదు. 1900లో హేవలాక్ వంతెన తెరిచేదాకా రాజమండ్రి దగ్గర కూడా నది దాటించే పని పడవలదే. వంతెన వస్తుంది కదా అని అప్పుడు ఎవరూ పడవలని గాలికి వదిలేయలేదు.

నేను అడిగేవి చిన్న పనులు. రాత్రి రైలు నర్సాపురం చేరే వేళకి స్టేషన్ బయట రేవుకి వెళ్లే ఒక ఆర్టీసీ బస్సు ఉండాలి. రైలు ఆలస్యమైతే ఆ బస్సు ఆగాలి. రేవులో నీడ, తాగునీళ్లు, ఆడవాళ్లకి బాత్రూమ్ ఉండాలి. గట్టు మీద నుంచి పంటు దాకా జారని మెట్లు, పట్టుకోవడానికి ఒక కమ్మీ ఉండాలి. సఖినేటిపల్లి వైపు దిగగానే అంతర్వేదికి, రాజోలుకి బస్సులు ఎన్నింటికో రాసిన బోర్డు ఉండాలి, ఆ బోర్డు మీద టైములు నిజం కావాలి. మాఘమాసంలో అంతర్వేది కల్యాణానికి, భీష్మ ఏకాదశి రథోత్సవానికి లక్షల మంది వచ్చినప్పుడు ఈ శాఖలన్నీ కలిసి కూర్చుని అన్నీ ఏర్పాటు చేస్తాయి, ప్రత్యేక బస్సులు వేస్తాయి, రేవు దగ్గర మనుషులని పెడతాయి. కలిసి పనిచేయడం వాళ్లకి చేతకాదని ఎవరూ అనలేరు. తీర్థం అయిపోయిన మర్నాడు కూడా ఆ ఊళ్ల పిల్లలు కాలేజీకి అదే రేవు దాటాలి.

అన్నిటికంటే ముందు జరగాల్సిన పని ఇంకొకటి ఉంది. వరద రోజుల్లో పంటు నడుస్తోందా లేదా అన్న కబురు రైలు పాలకొల్లు చేరకముందే ప్రయాణికులకి తెలియాలి. పాలకొల్లు, భీమవరం స్టేషన్లలో మైకులో చెప్పినా చాలు. దానికి కొత్త వంతెన, కొత్త పథకం ఏవీ అవసరం లేదు. పంటు ఆపేయమని చెప్పిన అధికారి ఆ పొద్దున్నే స్టేషన్ మాస్టరుకి కూడా ఒక ఫోను చేయాలి, అంతే.